పి.పి. నంబరు

ఇరవై ఏళ్ళు దాటింది ఈ సంగతి కడుపులో పెట్టుకుని. మా ఆయనకి చెప్పలేదు. పిల్లలకి చెప్పలేదు. ప్రార్థనలో కూడా "తెలిసీ తెలియక చేసిన పాపాలు" అంటూ మిగతావాటితో కలిపేసి దాటించేశాను. తెలియక చేసింది కాదు. అంతా తెలిసే చేశాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు, అందుకే మీతో చెప్పుకోగలుగుతున్నాను. మధ్యలో నా మీద జాలి పుట్టేలా ఎక్కడైనా రాస్తే మాత్రం నమ్మకండి. ఆ విద్య నాకు బాగా వచ్చు.

మాది మౌలాలి రైల్వే క్వార్టర్లు. అమ్మానాన్నలు గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా లైను మొత్తానికి ఫోను ఉన్నది మా ఒక్క ఇంట్లోనే. నాన్న దరఖాస్తు పెట్టుకుని, కాళ్ళరిగేలా తిరిగి, ఏళ్ళ తర్వాత తెచ్చుకున్న ఫోను. దాని మీద అమ్మ పువ్వులు కుట్టిన గుడ్డ కప్పేది. ఆ రోజుల్లో ఫోను లేనివాళ్ళు తెలిసినవాళ్ళ నంబరు ఇచ్చి, పక్కన పి.పి. అని రాసేవాళ్ళు. ఆ నంబరుకి చేస్తే ఆ ఇంటివాళ్ళు పిలుచుకొచ్చి మాట్లాడిస్తారని దానర్థం. మా నంబరు అలా ఎంతమంది పెళ్ళికార్డుల మీదికి, ఎంతమంది ఉద్యోగ దరఖాస్తుల మీదికి ఎక్కిందో చెప్పలేను. ఎవరికి ఫోనొచ్చినా చెప్పులేసుకుని పరుగెత్తేది నేనే.

సుగుణ వాళ్ళది మైదానం అవతలి లైను. అసలు పేరు అది కాదు. నాకంటే మూడేళ్ళు చిన్నది, నోరారా "అక్కా" అని పిలిచేది. వాళ్ళు ఇక్కడివాళ్ళే, తండ్రి రైల్వేలో ఫిట్టరు. ఇద్దరం సికింద్రాబాదులో ఒకే చర్చికి వెళ్ళేవాళ్ళం, ఒకే క్వయర్లో పాడేవాళ్ళం. ఆమె రాకముందు ఒంటిగా పాడే పాట ఏదున్నా నాదే. ఆమె వచ్చాక కూడా కొన్నాళ్ళు నాకే ఇచ్చారు, ఎందుకంటే నన్ను పక్కకి తప్పుకోమనడానికి క్వయర్ మాస్టరుగారికి మొహమాటం. ఆ మొహమాటం ఆయన ముఖంలో నాకు ప్రతి ఆదివారం కనిపించేది. దానికంటే తీసిపారేసుంటే నయంగా ఉండేదేమో!

అప్పుడప్పుడే సినిమా పాటల రికార్డింగులు మద్రాసు నుంచి హైదరాబాదుకి రావడం షురూ అయింది. కోరస్‌కి అమ్మాయిలు కావాలంటూ ఒక కోఆర్డినేటరు, అంటే పాడేవాళ్ళని కుదిర్చి స్టూడియోకి రప్పించే మనిషి, చర్చి క్వయర్లలో వాకబు చేస్తుండేవాడు. ఆయన ముందు అడిగింది నన్ను. సుగుణని వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది నేను. నేను లేకపోతే అది స్టూడియో గడప తొక్కేదా? ఈ ప్రశ్న నన్ను నేను వందసార్లు వేసుకున్నాను, దానికి జవాబు దొరికితే నేను చేసింది తప్పు కాకుండా పోతుందన్నట్టు.

కోరస్‌లో ఎనిమిదిమందిమి నిలబడితే సంగీత దర్శకుడు ఆమెనొక్కదాన్నే ముందుకి పిలిచాడు. ట్రాక్ పాడమన్నాడు. పెద్ద గాయని తీరిక చూసుకుని వచ్చేలోపు కొత్తవాళ్ళ చేత పాటని ముందుగా పాడించి ఉంచుతారు, దాన్నే ట్రాక్ అంటారు. పెద్దావిడ వచ్చి, అది విని, తన గొంతుతో పాడి వెళ్ళిపోతుంది. కొత్తవాళ్ళ గొంతు చెరిపేస్తారు. సుగుణ అలాంటివి నాలుగైదు పాడింది. ప్రతిదానికీ పిలుపు మా ఫోనుకే. "సుగుణగారున్నారాండీ?" గారట! ఎండలో మైదానం దాటి వెళ్ళి ఆ గారిని నేను పిలుచుకురావాలి. ఆమె మా ముందుగదిలో నిలబడి "సరే సార్, వస్త సార్" అంటుంటే నేను వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగానే సర్దేదాన్ని. ఒళ్ళు మండేది. పైకి మాత్రం, "ఏందే, మళ్ళీ పాటనా? మమ్మల్ని మర్చిపోకే తల్లీ" అని నవ్వేదాన్ని. అది సిగ్గుపడి మా అమ్మ చెంగు వెనక దాక్కునేది.

ఆ ఏడు వాళ్ళమ్మకి పెద్ద ఆపరేషన్ అయింది. బతకడం కష్టమన్నారు. బతికింది. అమ్మ లేచి తిరిగితే ఈస్టరుకి ముందొచ్చే లెంటు ఉపవాసాల నలభై రోజులూ సినిమా పాట నోట పలకనని సుగుణ దేవుడికి మాటిచ్చుకుంది. మాలో ఆ దినాల్లో ఒకరు మాంసం మానేస్తారు, ఒకరు టీ మానేస్తారు. నేను ఆ ఏడు సినిమాలు చూడటం మానేశాను, అదీ రెండు వారాలే. ఆమె తనకి ప్రాణమైనదాన్నే మానేసింది. మానేసి నా దగ్గరికొచ్చి ఒక పని అప్పజెప్పింది. సినిమావాళ్ళు ఫోన్ చేస్తే తనని పిలవొద్దంది. తనే మాట్లాడితే వాళ్ళు బతిమాలతారట, తను కరిగిపోతుందట. ఉన్నదున్నట్టు నన్నే చెప్పమంది. గొంతుకేం కాలేదు, దేవుడికి మాటిచ్చాను, ఈస్టరు మర్నాడు సోమవారం పొద్దున్నే వస్తాను అని. ఆగితే ఆగుతారు, లేదంటే లేదు. ఆ పని నాకే ఎందుకు అప్పజెప్పింది? ఫోను మాది కాబట్టి. నేను అక్కని కాబట్టి.

లెంటు మొదలైన రెండో వారంలో ఫోనొచ్చింది. మధ్యాహ్నం, అమ్మ మోండా మార్కెట్‌కి వెళ్ళింది, ఇంట్లో నేనొక్కదాన్నే. కోఆర్డినేటరు హుషారుగా ఉన్నాడు. సుగుణ పాడిన ఒక ట్రాకులో రెండో చరణం మాటలు మారాయట, వచ్చి ఆ నాలుగు లైన్లు పాడి వెళితే చాలట. పెద్ద గాయని అక్కర్లేదు, ఆ అమ్మాయి గొంతే సినిమాలో ఉంచేద్దామని సంగీత దర్శకుడు అన్నాడట. కంగారేం లేదు, షూటింగ్ ఈస్టర్ తర్వాతే అని కూడా అన్నాడు. వింటున్నారా? ఆగుతామని ఆయనే అన్నాడు. నేను దేవుడి పేరెత్తి, సోమవారం పేరెత్తి ఒక్క ముక్క చెప్తే చాలు.

నేను చెప్పింది ఇది: "సుగుణకి గొంతులో కాయ లేచిందండీ. డాక్టరు పాడొద్దన్నాడు. ఆపరేషన్ అంటున్నారు."

ముందుగా అనుకుని చెప్పలేదు. చెప్పేటప్పుడు తడబడనూ లేదు. ఆపరేషన్ అనే మాట వాళ్ళమ్మ మంచం దగ్గర నుంచి ఎత్తుకొచ్చి పెట్టాను, చూడండి, ఎంత నీచం! అవతల కాసేపు మాట లేదు. ఆ కాసేపట్లో "కాదండీ, ఊరికే అన్నాను" అనొచ్చు. అనలేదు. అప్పుడాయన "అయ్యో పాపం" అని, "పోనీ మీరొస్తారా?" అన్నాడు. దీనికోసమేనా నేను అలా అన్నది? లేక దానికి ఆ పాట దక్కకపోతే చాలనుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. రెండోదే అయ్యుంటుందని భయం.

వెళ్ళాను. మంచి చీర కట్టుకుని మరీ వెళ్ళాను. పాడాను. సంగీత దర్శకుడు ఓపిగ్గా విని, "ఆ అమ్మాయి విరుపు ఇచ్చిన చోట మీరు తిన్నగా వెళ్ళిపోతున్నారమ్మా" అన్నాడు. మూడుసార్లు పాడించి, సరే వెళ్ళిరమ్మన్నాడు. నన్ను మళ్ళీ ఎవరూ పిలవలేదు. చివరికి మద్రాసు నుంచి పెద్దావిడే వచ్చి పాడింది. ఆవిడకి వినిపించింది నా ట్రాక్ కాదు, సుగుణది. చరణం చివర సుగుణ తనంతట తానుగా వేసుకున్న ఆ చిన్న విరుపుని ఆవిడ అలాగే ఉంచేసింది. ఆ పాట ఇప్పటికీ రేడియోలో వస్తుంది. వస్తే లేచి కట్టేస్తాను, పిల్లలు నాకు ఆ గాయని అంటే పడదనుకుంటారు.

ఇంతటితో అయిపోలేదు. గుడ్ ఫ్రైడేకి ముందు వారం, మోండా మార్కెట్ బయట పత్రికలమ్మే కొట్టు దగ్గర ఒక సినిమా వారపత్రిక తిరగేస్తున్నాను. చివరి పేజీలో గాలికబుర్లు ఉండేవి, అందరూ ముందు చదివేది అవే, నేనూ అంతే. "సికింద్రాబాదు నుంచి ఎగిరొచ్చిన ఓ కొత్త కోయిల అప్పుడే గూటికి చేరింది. ప్రేమ వ్యవహారం బెడిసికొట్టి ఏదో తాగిందనీ, గొంతు ఇక రాదనీ భోగట్టా. పాపం!" పేరు లేదు. పేరు ఎందుకు? సికింద్రాబాదు నుంచి వెళ్ళిన కొత్త కోయిల ఒక్కతే. చేతిలో కూరల సంచీతో అక్కడే నిలబడిపోయాను.

తాగిందని నేను అనలేదు. ప్రేమ అని అనలేదు. అది వాళ్ళు కలిపింది. చాలా ఏళ్ళు ఈ మాటనే పట్టుకుని బతికాను. కానీ గొంతు పోయిందని నేను చెప్పకపోతే, ఎందుకు పోయిందో కల్పించాల్సిన అవసరం వాళ్ళకెందుకొస్తుంది? మా క్వార్టర్లలో ఆ పత్రిక చేతులు మారింది. అప్పుడే లేచి తిరుగుతున్న వాళ్ళమ్మని కుళాయి దగ్గర ఆడవాళ్ళు "పిల్ల ఎట్లుంది?" అని అదోలా అడిగారు. ఆమె మళ్ళీ మంచమెక్కింది. పాస్టరమ్మగారు సుగుణని పక్కకి పిలిచి ఏదో అడిగారు. అది ఏడవలేదు. ఈస్టర్ తెల్లవారుజామున ఆరాధనలో లేచి ఒంటరిగా పాడింది. ఏం పాడిందండీ! చర్చిలో ఒక్కరు కదల్లేదు. గొంతు పోయిందన్నవాళ్ళందరికీ అదే జవాబు. కానీ ఆ జవాబు వినాల్సినవాళ్ళు ఎవరూ చర్చిలో లేరు.

సోమవారం పొద్దున్నే మా ఇంటికొచ్చింది. పూలగుడ్డ తీసి పక్కన పెట్టి తనే నంబరు తిప్పింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. "నాకేం కాలేదు సార్, మంచిగనే ఉన్న సార్" అని నాలుగుసార్లు అంది. ఆయన అవతల నుంచి ముందు రెస్టు తీసుకోమన్నాడట, అందరూ అలాగే అంటారన్నాడట, పత్రికలోనూ చదివామన్నాడట, నా పేరు మాత్రం ఎత్తలేదు. తప్పు ఆయనది కూడా కాదేమో. అప్పట్లో స్టూడియోకి గంటల లెక్కన అద్దె కట్టేవాళ్ళు. ఒక్క గొంతు చెడితే ఆ పూటంతా దండగ. అనుమానం ఉన్న గొంతుని పిలిచి పరీక్ష చేసేంత తీరిక ఎవరికీ ఉండదు. ఇంకొకరిని పిలుస్తారు, అంతే. ఇదీ నాకు తెలుసు. ఆ రోజు ఫోన్లో అబద్ధమాడినప్పుడూ తెలుసు.

సుగుణ ఫోను పెట్టేసి గుడ్డ మళ్ళీ సరిగ్గా కప్పింది. కప్పి నా వైపు తిరిగింది.

"ఎవరు జెప్పుంటరక్కా, గిట్ల?"

"ఏమోనే. సినిమావాళ్ళ నోళ్ళు మనకి తెలీనివా?"

"నువ్వైతే ఉన్నదున్నట్టే చెప్పినవ్ గదా? ఈస్టర్ అయినంక వస్తదని?"

"చెప్పానే."

"ఆఁ. నువ్వు చెప్పుంటవ్ లే," అంది. నన్ను అడిగినందుకు తనే నొచ్చుకున్నట్టు నా చెయ్యి పట్టుకుంది. "పరేషాన్ల ఏదో అడిగిన. ఏమనుకోకక్కా."

నేను దానికి టీ పెట్టిచ్చాను. అల్లం వేసి. గొంతుకి మంచిదని.

ఆ తర్వాత రెండుసార్లు స్టూడియోకి స్వయంగా వెళ్ళింది. ఇంకో ఆర్నెల్లు చూద్దామన్నారు. ఆ ఆర్నెల్లు గడిచేసరికి ఇంకెవరో కొత్తమ్మాయి వచ్చింది. సుగుణ తిరుమలగిరిలో ఒక బడిలో పాటల టీచరుగా చేరింది. ఇప్పటికీ అక్కడే ఉంది. పిల్లలకి పాట నేర్పేటప్పుడు కూర్చోదట, స్టూడియోలో మైకు ముందులా నిలబడే నేర్పుతుందట. మేమిద్దరం ఇప్పటికీ ఒకే చర్చి. నేను క్వయర్ మానేసి చాలా కాలమైంది.

మా చర్చిలో ఈస్టర్ నాడు సాక్ష్యాలు చెప్తారు. దేవుడు తమకి చేసిన మేలు ఒక్కొక్కరే లేచి చెప్పుకుంటారు. సుగుణ ప్రతి ఏడూ లేస్తుంది, ప్రతి ఏడూ ఒకటే చెప్తుంది. చిన్నతనంలో సినిమా పాటల్లో మంచి అవకాశం వచ్చిందనీ, దేవుడే ఆ తలుపు మూశాడనీ. "అప్పుడు శాన ఏడ్సిన. ఎందుకు మూసినవ్ దేవా అని కొట్లాడిన. తర్వాత సమజైంది, నన్ను కాపాడనీకే మూసిండు" అంటుంది. అందరూ "ఆమెన్" అంటారు. మూడో వరసలో కూర్చుని నేనూ అంటాను. తలుపు మూసింది నేను, పేరు దేవుడిది. ఇన్నేళ్ళుగా ఆయన మీదికి నెట్టేసి ఆమెన్ చెప్తూ వచ్చాను.

ఈ ఏడు అనలేకపోయాను. పక్కనున్నావిడ నీళ్ళు కావాలా అని అడిగింది.

మరి సుగుణకే చెప్పొచ్చుగా అంటారు. చెప్తే, ఆమె తన ఏడుపుకి వెతుక్కున్న ఆ ఒక్క అర్థం కూడా లాక్కున్నదాన్ని అవుతానని నాకు నేను చెప్పుకుంటున్నాను. అది నిజమా, సాకా? సాకే అనుకుంటాను. ధైర్యం లేదు, అంతే. ఆమె క్షమిస్తుందేమోనని ఇంకా భయం. "పోనీ లే అక్కా" అని చెయ్యి పట్టుకుంటే నేనేమైపోవాలి?

ఇప్పుడు ఎవరి చేతిలో చూసినా ఫోనే. పి.పి. అంటే మా పిల్లలకి తెలీదు. మా ఇంటి ఆ పాత నంబరు మాత్రం నాకు నోటికే ఉంది. ఆ మధ్యాహ్నం ఆ నంబరుకి ఫోన్ చేసిన ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో. ఆయనకి చెప్పమని సుగుణ నాకప్పజెప్పిన మాట ఒకటుంది. అది నా దగ్గరే ఉండిపోయింది. మీకు చెప్తున్నాను, వినండి.

సుగుణ గొంతుకేం కాలేదండీ. వాళ్ళమ్మ కోసం దేవుడికి మాటిచ్చుకుంది, ఈస్టర్ దాకా పాడదు. సోమవారం పొద్దున్నే వస్తుంది.