పెరిగిన చీర

మా అమ్మ దగ్గర ఒక నారాయణపేట పట్టుచీర ఉంది. వంకాయ రంగు, ఎర్ర అంచు. అది మా అమ్మమ్మ పెళ్లిచీర. అమ్మకు నాలుగేళ్లప్పుడే అమ్మమ్మ పోయింది. ఫోటో ఒక్కటీ లేదు. ఆమెది మిగిలింది ఆ చీర ఒక్కటే. అందుకే అశోక్‌నగర్‌లోని మా ఫ్లాట్‌లో నాకు దక్కని మర్యాద దానికి దక్కేది. బీరువాలో పై అర మొత్తం దానిదే. నా చీరలన్నీ కింది అరలో ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి.

ఏడాదికి రెండుసార్లు మడతలు మార్చాలని అమ్మ పట్టు. మార్చిన ప్రతిసారీ పాత మడత దగ్గర ఇంకాస్త పిగిలేది. మొన్న ఎండాకాలం నేను విప్పుతుంటే ఏకంగా జానెడు పోయింది.

“అమ్మా, చినిగింది” అన్నాను.

“చినిగింది అంటవేందే? పెరిగింది అను.”

అశుభం మాట అనకూడదని గాజు చిట్లితే పెరిగింది అంటాం, పుస్తెలతాడు తెగినా పెరిగింది అంటాం. చీర పెరగడం మాత్రం నేనెక్కడా వినలేదు. కానీ అమ్మతో వాదన పెట్టుకుంటే ఆ పూట వంట సాగదు. సరే, పెరిగిందనే ఒప్పుకున్నాను.

కొంగు గట్టిగా ఉండగానే దాంతో అమ్మకొక జాకెట్ కుట్టిద్దామని నా ఆలోచన. “మా అమ్మను కోస్తవా?” అని అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, “టైలర్‌ను అడుగు. అడుగుడు వరకే” అంది. అమ్మ వినేలా స్పీకర్ పెట్టి నారాయణగూడ టైలర్‌కు ఫోన్ చేశాను.

“మాస్టర్, మాదొక పాత పట్టుచీర పెరిగింది. ఏం చెయ్యాలె?”

“పెరిగితే మంచిదే కదక్కా! ఎంత పెరిగింది?”

“జానెడు.”

“గంతేనా! తీస్కరాండ్రి, ఆ జానెడు కట్ చేసి అంచుకు పికో కొట్టిస్త. పది నిమిషాల పని.”

అమ్మ ఫోను లాక్కుని అతన్ని ఉతికి ఆరేసింది. పాపం, తను చేసిన తప్పేమిటో అతనికి అర్థమే కాలేదు.

మర్నాడు, చూపించడం వరకే అని ఒప్పించి, చీరను మెత్తటి దుప్పట్లో చుట్టి, అమ్మను తీసుకుని టైలర్ దగ్గరికి ఆటో ఎక్కాను. స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ, “మెల్లగ బిడ్డా, పెద్దామె ఉన్నది” అంటుంది అమ్మ. “నీకేం ఫికర్ లేదమ్మా” అని ఆటో అతను. అమ్మ చెప్పింది ఒళ్లో ఉన్న మూట గురించి.

టైలర్ కొంగును రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురుకు చూశాడు. “అక్కా, ఇది మిషన్‌కు ఆగదు. లోపల మెత్తటి మల్‌మల్ గుడ్డ అస్తర్ వేసి చేత్తో కుడితే జాకెట్ అయితది. అయినా నాలుగుసార్లు తొడిగితే ఎక్కువ. కుట్టకుంటే బీరువాల ఇంకో పదేండ్లు ఉంటది. మీ ఇష్టం.”

అంత పోరుపెట్టిన నాకు అక్కడ ధైర్యం చచ్చిపోయింది. అమ్మకున్న ఆ ఒక్కటీ నా చేతుల మీదుగా పోతే?

“వద్దులే మాస్టర్, దాచిపెడతం” అన్నాను.

“దాస్తే ఏమొచ్చె?” అంది అమ్మ. “డెబ్బై ఏండ్లసంది దాస్తున్న. నేను పోయినంక నువ్వు దాస్తవ్. ఒక్కనాడన్న ఒంటిమీదికి రాలె.” టైలర్ వైపు తిరిగి, “చేతులు మోచేతి దాక పెట్టు నాయనా” అంది.

అతను కత్తెర తీయగానే నేను రోడ్డు మీదికి పారిపోయి బస్సులు చూస్తూ నిలబడ్డాను. అమ్మ మాత్రం స్టూల్ వేయించుకుని పక్కనే కూర్చుని, “సక్కగ, సక్కగ” అంటూ అతనికి పని నేర్పింది. అస్తర్ కోసం చిక్కడపల్లి మ్యాచింగ్ సెంటర్‌కు వెళితే అరగంట సేపు ప్రతి గుడ్డనూ చెంపకు రాసి చూసింది. మ్యాచింగ్ చీరకా, చెంపకా అన్నట్టు చూశాడు షాపతను.

వారం రోజులకు జాకెట్ వచ్చింది. ఇంట్లో అమ్మకు తొడిగి, హుక్కులు నేనే పెట్టాను. బిగుతుగా ఉందా, వదులుగా ఉందా అని రెండుసార్లు అడిగాను. అమ్మ తల పక్కకు వంచి, భుజం మీది పట్టుకు చెంప ఆనించి కళ్లు మూసుకుంది.

“మా అమ్మ ముఖం యాదికి లేదు బిడ్డా,” అంది. “ఎత్తుకున్నప్పుడు ఇదే తగులుతుండె.”

నాకు ఏడుపొచ్చింది. చెమటకు పాడవుతుంది, విప్పమ్మా అంటే సాయంత్రం దాకా విననే లేదు. నేనూ మళ్లీ అడగలేదు.