బారువ తప్ప అన్ని సముద్రాలూ

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక మా కోడలు ఫోను పట్టుకుని నా మంచం దగ్గరికొచ్చి, బారువలో మా మేనమామగారి మనవడి పెళ్ళట, శుభలేఖ వచ్చిందని చూపించింది. ఫోనులోనే వచ్చింది లెండి; కొబ్బరిచెట్లూ కెరటాలూ కదులుతూ, వెనక సన్నాయి కూడా మోగుతూ, పెళ్ళి సముద్రం ఒడ్డున ఇసకలోనే చేస్తామని చెప్పే శుభలేఖ. మా కోడలు కలకత్తా పక్కన ఈ సంత్రాగాఛిలోనే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు మాట్లాడుతుందే గాని అక్షరం చదవలేదు, అయినా అభిమానం దగ్గరికొచ్చేసరికి మాత్రం అచ్చంగా మన పిల్లే. "ఇదేటి అత్తయ్యా, ఇలా ఫోన్లో పడేస్తే ఎల్లిపోడమేనా? నోరారా పిలవకపోతే మనవెందుకు ఎల్లాల?" అంది. ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది, నోర్ముయ్యవే అని అరిచాను. పాపం ఆ పిల్ల బిత్తరపోయింది, నా నోట అంత మాట ఎన్నడూ విని ఎరగదు మరి. సరిగ్గా ఆ మాటే మా అమ్మని పొట్టన పెట్టుకుందని ఆ పిల్లకేం తెలుసు.

నా ఈడు వాళ్ళకి పిలుపు సంగతి చెప్పక్కర్లేదు. పెళ్ళంటే ఇంటికొచ్చి, ఇల్లాలికి బొట్టు పెట్టి, రమ్మని నోటితో చెప్పాలి. అందులోనూ ఇంటి అల్లుడికైతే ఆ మర్యాదలో ఆవగింజంత తక్కువైనా జన్మంతా గుర్తుంచుకునేవారు. మా నాన్న ఇక్కడ రైల్వే యార్డులో గుమాస్తా. యార్డు పక్కనే మా క్వార్టర్సు, ఇంజన్ల నుసికి ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగు తిరిగేది. అమ్మది బారువ, సోంపేట దగ్గర, పెరటి తలుపు తీస్తే ఇసక, ఇసక దాటితే సముద్రం ఉన్న ఇల్లు. కలకత్తాలో వానాకాలం వచ్చి రోడ్డు మీద నీళ్ళు నిలిచినప్పుడల్లా అమ్మ కిటికీలో కూచుని, ఈ నీళ్ళకి చప్పుడెందుకు లేదే అని నన్ను నవ్వించేది.

నా చిన్నప్పుడే మా మావయ్యకి, అంటే అమ్మ తమ్ముడికి, పెళ్ళి కుదిరింది. తాతయ్య అప్పటికే లేడు. అంత దూరం ఎవరొస్తారు, సొంత అక్కకి వేరే పిలుపేటి అనుకుని మావయ్య నాలుగు మూలలా పసుపు రాసిన శుభలేఖ పోస్టులో పంపేశాడు. నాన్న దాన్ని బల్ల మీద పెట్టి చాలాసేపు చూశాడు. ఇంటికి పెద్దల్లుణ్ణి, నన్ను ఊళ్ళో వాళ్ళలో జమకట్టేశారన్నాడు. మనిషొచ్చి బొట్టు పెట్టి పిలిస్తే తప్ప ఆ గుమ్మం తను తొక్కడట, అమ్మా నేనూ కూడా తొక్కకూడదట, అమ్మ మీద ఒట్టట. అక్కడ మావయ్యేమో, తోడబుట్టినది పెళ్ళికి రాలేదు, ఇక ఆ బావ మొహం చూడనని భీష్మించుకున్నాడు. ఇద్దరూ మంచివాళ్ళే, ఎవరింటికైనా ఆపదొస్తే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తే మనుషులే, కాని ఆ ఒక్క పిలుపు దగ్గర ఇద్దరికి ఇద్దరూ కొయ్యబారిపోయారు.

తర్వాత కొన్నేళ్ళకి అమ్మకి గుండె జబ్బు బయటపడింది. వాకిలి ఊడ్చి రెండు చెంబుల నీళ్ళు మోస్తే చాలు, గోడ పట్టుకుని నిలబడిపోయేది, పెదాలు నల్లబడేవి. అప్పట్లో బెంగాలీ డాక్టర్లకి మందులతో పాటు ఇంకో వైద్యం ఉండేది, 'చేంజి'కి తీసుకెళ్ళండి అనేవారు. గాలి మార్పన్నమాట. ఇక్కడి వాళ్ళు దగ్గొచ్చినా దిగులొచ్చినా పెట్టె సర్దుకుని సముద్రం ఒడ్డుకి పోయేవారు. మా డాక్టరుబాబు కూడా అదే చెప్పాడు. గుండెకి చెయ్యగలిగింది పెద్దగా లేదు, ఈ నుసిలోంచి తప్పించి సముద్రపు గాలి తగిలేలా కొన్నాళ్ళు ఉంచండి అన్నాడు. అమ్మ మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. సముద్రం అనగానే తనకి తెలిసింది ఒక్కటేగా. కాని నాన్న రైల్వే పాసు రాయించుకొచ్చి, ముందు దీఘా వెళ్తున్నామని చెప్పాడు. ఆ వెలుగు ఆరిపోవడం నేను చూశాను, నాన్న చూడలేదు, ట్రంకు పెట్టెకి తాళం వేస్తున్నాడు.

ఖరగ్‌పూర్‌లో దిగి బస్సులో దీఘా చేరాం. సరుగుడు తోటలూ, చదునుగా బల్లపరుపుగా ఉన్న ఒడ్డూ, అందానికేం తక్కువ లేదు. లాడ్జీలో ఆవనూనె వంటలు అమ్మకి పడకపోతే నాన్నే కిరసనాయిలు స్టవ్ మీద అన్నం, పప్పు వండేవాడు. అమ్మ జడ కూడా నాన్నే వేసేవాడండీ, వంకరటింకరగా. అంత ప్రేమ ఉన్న మనిషికి అంత పంతం ఎలా ఉంటుందో ఈ వయసుకి కూడా నాకు అర్థం కాలేదు. అమ్మ ఒడ్డున కూచుని దక్షిణం వైపే చూసేది. మొదట్లో కాస్త తెరిపిన పడ్డట్టు కనిపించి, మళ్ళీ ఎప్పటిలా ఆయాసం మొదలైంది. ఇక్కడి గాలి పడలేదన్నాడు నాన్న.

అక్కణ్ణించి బాలాసోర్ దగ్గరి చాందీపూర్. అక్కడ సముద్రం ఆటుకి ఎంతో దూరం వెనక్కి పోతుంది. మేం వెళ్ళేసరికి కనుచూపు మేర తడి ఇసక తప్ప నీళ్ళే లేవు. నాన్న పంచె ఎగగట్టి, సముద్రాన్ని తనే పట్టుకొస్తానన్నట్టు ఆ బురదలో పడి నడుస్తుంటే, అమ్మ, చూడవే, సముద్రం కూడా మీ నాన్నని చూసి పారిపోతోందని నవ్వింది. పైట నోటికి అడ్డం పెట్టుకుని, ఆయాసపడుతూనే నవ్వింది. అమ్మ నవ్వు మళ్ళీ నేను చూడలేదు.

పూరీలో దిగేసరికి అమ్మ పాదాలు వాచిపోయాయి. రిక్షాలో ఒడ్డుకి తీసుకెళ్ళి చాప మీద కూచోబెట్టాం. అక్కడి జాలర్లు మనవాళ్ళే, ఎప్పుడో మన వైపు నుంచి వలసొచ్చిన తెలుగు వాళ్ళు. వల బాగుచేస్తున్న ఒక పెద్దావిడ మా మాటలు విని దగ్గరకొచ్చింది.

"ఏటమ్మా, ఏ ఊరు మీది? మనోలేనా?"

"బారువ," అంది అమ్మ. సంత్రాగాఛి అనలేదు.

"ఓలమ్మో, మా ఆడబిడ్డనక్కడే ఇచ్చినాం! మరి ఇక్కడ కూకుని ఏటి సేస్తన్నావు తల్లీ? అమ్మున్నాదా? ఉంటే మరింక బేగి ఎల్లిపో."

ఆ సాయంత్రం అమ్మ నాన్న చెయ్యి పట్టుకుని, పెళ్ళయ్యాక ఎన్నడూ నోరు విప్పి ఏదీ అడగని మనిషి, అడిగింది. "నన్ను మా అమ్మ దగ్గరికి తీసుకెల్లిపొండి. మీరు లోపలికి రావద్దు. గుమ్మం ముందు దింపేసి ఎల్లిపొండి, మీ ఒట్టు మీకే ఉంటాది." నాన్న చెయ్యి విడిపించుకుని బయటికి వెళ్ళిపోయాడు. నేను వెనకాలే వెళ్ళాను. సముద్రం వైపు తిరిగి ఏడుస్తున్నాడు. నేను నాన్న చొక్కా పట్టుకుని, ఎల్దాం నాన్నా, నీ కాళ్ళు పట్టుకుంటాను ఎల్దాం అని గుంజాను. గాలి కావాలన్నారు, గాలి ఎక్కడైనా గాలే కదే అన్నాడు. మర్నాడు గోపాల్‌పూర్ అన్నాడు.

గోపాల్‌పూర్‌లో లైట్‌హౌసూ, పాడుపడిన పెద్ద పెద్ద బంగళాలూ, ఇసక తిన్నెలూ, ఎవరైనా బొమ్మ గీసుకోవాలనేంత అందం. నాకు మాత్రం ఆ పేరు చెప్తే అమ్మ ఊపిరి చప్పుడే వినిపిస్తుంది. పడుకోలేక, దిళ్ళకి ఆనుకుని కూచునే ఉండేది. బారువ అక్కడికి రైల్లో కాసేపటి దూరం. అక్కడి డాక్టరొకాయన చూసి, నాన్న భుజం మీద చెయ్యి వేసి వరండాలోకి తీసుకెళ్ళాడు. నాన్న తిరిగొచ్చి గోడకి చేరబడి నిలబడి, పదండి బారువ వెళ్దామన్నాడు. నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. తీరా రైలెక్కాక చెప్పాడు. సముద్రం ఒడ్డున సర్కారు బంగళా ఉందట, అందులో దిగుతామట. గుమ్మం తొక్కనన్నాను గాని ఊరు తొక్కననలేదు కదా అన్నాడు. అమ్మ కళ్ళు మూసుకుని సరే అంది.

ఆ బంగళా వరండాలో కూచుంటే అమ్మమ్మ ఇల్లు కనిపించేది. పెరటి తలుపూ, బట్టలారేసే తాడూ, తాడు మీద ఎవరిదో చీరా. ఎవరైనా గట్టిగా కేకేస్తే వినపడే దూరం. మేం దిగిన సంగతి జట్కావాడి ద్వారా ఊరంతా పాకింది. కాని మావయ్య రాలేదు. "ఊల్లోకొచ్చి బంగళాలో దిగడవంటే మన మొహం మీద ఉమ్మినట్టు కాదేటి? ముందాయన్నే రానీ," అన్నాడని తర్వాత మావయ్య భార్య, మా అత్త చెప్పింది. ముందు వాళ్ళు పిలవాలని ఈయన, ముందు వీళ్ళు రావాలని ఆయన. మధ్యలో అమ్మ కుర్చీలో కూచుని ఆ పెరటి తలుపు కేసి రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

సాయంత్రం అమ్మ, మా నూతి నీళ్ళు తాగాలనుందంది. నేను చెంబు పట్టుకుని లేచాను. నాన్న నన్ను ఆపి, చెంబు బంగళా కాపలాదారుకిచ్చి పంపించాడు. ఆ నీళ్ళు ఎవరి కోసమో తెలిసి, మా అత్త స్వయంగా తోడి ఇచ్చిందట. చెంబు చూసి అమ్మమ్మ నూతి చుట్టూ ఉన్న పళ్ళెంలో కూలబడిపోయి, నా కూతురు గుమ్మం ముందుకొచ్చి నీళ్ళు అడుక్కునే రాత మీరిద్దరూ కలిసి రాశార్రా అని మావయ్యని దులిపేసిందట. అమ్మ ఆ నీళ్ళు రెండు గుక్కలు తాగి, మిగిలినవి మొహానికి రాసుకుంది.

మర్నాడు పొద్దున్న ఎండ పడుతుండగా పెరటి తలుపు తెరుచుకుంది. ముందు మా అత్త, చేతిలో కుంకం భరిణె. వెనక తల దించుకుని మావయ్య. ఆ వెనకెక్కడో అమ్మమ్మ. తనకి పసుపుకుంకాలు లేవు, పిలుపుకి ఎదురు రాకూడదని వెనకే ఉండిపోయింది. కన్నకూతురికి కూడా ఎదురు రాకూడదట, చూడండి మన పద్ధతులు. అమ్మ వాళ్ళని చూసింది. చెయ్యెత్తి చూపించింది. "ఒస్తన్నారే... నా తల సూడు ఎలాగున్నాదో, దువ్వెన తే, బేగి," అంది. నేను లోపలికి పరిగెత్తి దువ్వెన వెతికి తెచ్చేసరికి అమ్మ తల పక్కకి వాలిపోయి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఆ ఇసక దారి మీదే ఉన్నాయి.

అత్త మెట్లెక్కి చూసి కొయ్యబారిపోయింది, భరిణె మూత చేతిలోంచి జారిపోయింది. నాన్న అమ్మ పాదాల దగ్గర కూచుని ఉన్నాడు. ఎవరమూ ఏడవడం ఇంకా మొదలుపెట్టలేదు. అప్పుడు నాన్న, "పెట్టమ్మా. పిలువు," అన్నాడు. అత్త వేలితో అమ్మ నుదుట బొట్టు పెట్టి, "వదినా, మా ఇంటికి రా," అంది. అప్పుడు మావయ్య నేల మీద పడి గుండెలు బాదుకున్నాడు.

బయట పోయినవాళ్ళని ఇంట్లోకి తేకూడదని ఊళ్ళో పెద్దలు అడ్డుపడ్డారు. అమ్మమ్మ గుమ్మంలో నిలబడి, "పిలిసినాం కదా, రానీండి," అంది. పెద్దలు పక్కకి తప్పుకున్నారు. నాన్న అమ్మని రెండు చేతుల మీదా ఎత్తుకుని ఆ గుమ్మం దాటాడు.

తర్వాత మా ఇంటికి పిలుపుల్లో ఏనాడూ లోటు జరగలేదు. చిన్న నోముకైనా సరే మావయ్యా అత్తా రాత్రంతా రైల్లో వచ్చి, హౌరాలో దిగి, మళ్ళీ లోకలెక్కి, సంత్రాగాఛి క్వార్టర్సుకొచ్చి నాకు బొట్టు పెట్టి పిలిచి వెళ్ళేవారు. నాన్న వాళ్ళని గుమ్మం దాకా ఎదురెళ్ళి తీసుకొచ్చేవాడు. పోయేదాకా మళ్ళీ ఏ సముద్రం ఒడ్డుకీ వెళ్ళలేదు. ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. చేంజికి వెళ్ళమనే డాక్టర్లు లేరు, దీఘాకి రైలు పడింది, చాందీపూర్ వెళ్ళిన పిల్లలు ఫొటోలు తీసుకుని సాయంత్రానికి తిరిగొచ్చేస్తున్నారు. పిలుపులు ఫోన్లోకొచ్చి, అందరికీ ఒక్కసారే మోగి ఊరుకుంటున్నాయి. నిజం చెప్పొద్దూ, నుదుటి మీద చల్లగా ఆ వేలు ఆనడం నాకిప్పటికీ కావాలనిపిస్తుంది, అది లేని పిలుపు పిలుపులా అనిపించదు. ఆ చల్లదనం కోసం కూచున్నందుకే మా ఇంట్లో ఏం జరిగిందో మాత్రం మర్చిపోలేను.

సాయంత్రం కోడల్ని పిలిచి టిక్కెట్లు తియ్యమన్నాను, ఎడమవైపు కిటికీ సీటు, చిలక సరస్సు కనపడుతుంది. వాళ్ళు ఫోను చేస్తారేమో ఒక్క రెండ్రోజులు చూద్దామా అత్తయ్యా అంది, ఈసారి భయం భయంగా. ఒకళ్ళు పిలవడం ఏమిటే, అది మా అమ్మ ఇల్లు అన్నాను.