ల్యాప్‌టాప్‌లో సుధ గొంతు

పుంగనూరు బస్టాండు వెనక సందులో ఉన్న కుమారస్వామి అంగడికి బోర్డు లేదు. 1991లో అంగడి తెరిచినప్పుడు ఒకటి రాయించాడు గానీ, గాలివానకు అది పడిపోయాక మళ్లీ తగిలించలేదు. ఆ అవసరమూ రాలేదు. సదుం నుంచో చౌడేపల్లె నుంచో టేప్‌రికార్డరు చంకన పెట్టుకుని దిగినవాళ్లు "చెవి మెకానిక్ అంగడి యాడ?" అంటే ఎవరైనా చూపించేవారు.

ఆ పేరు ఊరికే రాలేదు. టేప్‌రికార్డరు ఇస్తే అతను మూత విప్పేవాడు కాదు. ముందు పాట పెట్టమని, కళ్లు మూసుకుని వినేవాడు. బెల్టు సాగిందనో, హెడ్డుకు మట్టి పట్టిందనో, స్పీకరు కాగితం చిరిగిందనో చెప్పి అప్పుడు విప్పేవాడు. లోపల అదే ఉండేది. మదనపల్లెలో అతనికి రేడియో పని నేర్పిన వెంకటేశులు కూడా, తనకు అంతుపట్టని సెట్టు వస్తే "మా కుమారస్వామికి వినిపించండి పోండి" అని పుంగనూరు బస్సు ఎక్కించేవాడు. అంగట్లో పని తక్కువైన నెలల్లో కుమారస్వామి జాతరలకు మైకుసెట్లు కట్టేవాడు. హారన్లు నాలుగు దిక్కులా మోగుతుంటే వాటి కిందే కూర్చునేవాడు, ఆంప్లిఫయరు పక్కనే తలకింద గుడ్డ పెట్టుకుని కునుకు తీసేవాడు. పదిహేనేళ్లు అట్లాగే గడిచాయి.

క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి. సీడీలు కూడా పలచబడుతుంటే, నలభై ఏళ్ల వయసులో మదనపల్లెకు పోయి వస్తూ ఆరు నెలల్లో కంప్యూటరు పని నేర్చుకున్నాడు. కొత్త పని కూడా అతనికి వంటబట్టింది. ఆ రోజుల్లోనే భార్య మునీశ్వరి మాటలు నమిలి మాట్లాడుతోందని విసుక్కోవడం మొదలుపెట్టాడు. పక్కనే కుట్టుమిషను పెట్టుకున్న ముద్దుకృష్ణ, బాక్సుల మోత తగ్గించమని రోజూ వచ్చి చెప్పేవాడు. చిన్నగానే పెట్టాను కదా, ఈయనకు కంట్లో నలుసులా ఉన్నాను అనుకునేవాడు కుమారస్వామి.

2009 వానాకాలంలో రామసముద్రం నుంచి స్వర్ణ అనే టీచరు ఒక ల్యాప్‌టాప్ తెచ్చింది. అది ఆమె చెల్లెలు సుధది. తల్లి చిన్నప్పుడే పోతే సుధను జడలు వేసి బడికి పంపింది స్వర్ణే. కుప్పంలో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతుండగా విషజ్వరం వచ్చి, ఐదు రోజుల్లో ఆ పిల్ల పోయింది. అంతకు రెండు నెలల ముందు, అక్క పుట్టినరోజుకని హాస్టలు మిద్దె మీద నిలబడి నాలుగు నిమిషాలు మాట్లాడి, స్నేహితురాలి ఫోనులో వీడియో తీయించుకుంది. దాన్ని ల్యాప్‌టాప్‌లో వేసుకుని సెలవులకు తెచ్చి చూపించింది. ఇప్పుడు స్వర్ణకు మిగిలింది ఆ వీడియోనే.

"పది దినాల్నుంచి సరిగా రాలేదన్నా. బొమ్మ నిలబడిపోతాది, మాట తునకలు తునకలుగా వస్తాది. రోజూ ఒకసారి పెట్టుకుంటా నేను. ఇది లేకుండా నాకు పొద్దుపోదు," అని చెప్పింది.

కుమారస్వామి ఆమె ఎదుటే వీడియో పెట్టి చూశాడు. పచ్చ చుడీదారు పిల్ల ఒకచోట నవ్వుతూ ఆగిపోయింది. వీడియోను విప్పి ఆడించే కోడెక్ అనే చిన్న ప్రోగ్రాము చెడింది, పెద్ద రోగమేమీ కాదు, రెండు రోజుల్లో ఇస్తానని పంపించాడు.

మరునాటికి కొత్త కోడెక్ వేశాడు. బొమ్మ నీళ్లలా సాగింది. సుధ చున్నీ గాలికి ఎగరడం, చెయ్యి ఊపడం, పెదాలు కదలడం అంతా చక్కగా కనిపించింది. మాట మాత్రం లేదు. వాల్యూము నిండా పెట్టాడు, లేదు. అంగట్లోని పెద్ద బాక్సులకు తగిలిస్తే గొంతు ఖంగుమంది. అంటే వీడియో బాగానే ఉంది, ల్యాప్‌టాప్ సొంత స్పీకర్లే పలకడం లేదనుకున్నాడు. వాటిని విప్పి మీటరు పెట్టి చూస్తే అవీ బాగానే ఉన్నాయి. సౌండు డ్రైవరు అనే ప్రోగ్రాము తీసి మళ్లీ వేశాడు. ఒకటి కాదు, మూడు రకాలు వేశాడు. ఇరవై ఏళ్ల పనిలో శబ్దం అతనికి ఇట్లా దొరక్కుండా పోయింది లేదు. ఇక విండోసే చెడిందని తీర్మానించుకుని, ఫార్మాట్ చేయడానికి సిద్ధపడ్డాడు.

తెరమీద సుధ పేరుతో ఒక ఫోల్డరుంది. దాన్ని జాగ్రత్తగా పెన్‌డ్రైవులోకి ఎత్తుకున్నాడు. వీడియో అందులోనే ఉందనుకున్నాడు. ప్లేయరు లిస్టులోంచే దాన్ని ఆడిస్తూ వచ్చాడు గనక అది ఎక్కడ దాగుందో చూడలేదు. ఫార్మాట్ చేసి, విండోస్ కొత్తగా వేసి, పరీక్షకని ఒక పాట పెట్టాడు. మళ్లీ నిశ్శబ్దమే.

మధ్యాహ్నం క్యారియరు తీసుకుని మునీశ్వరి వచ్చింది. ఆ యంత్రాన్ని చూపించి, రెండు రోజులుగా ఇది నోరు తెరవలేదని చెప్పుకున్నాడు. ఆమె క్యారియరు కింద పెట్టి అతని ముఖంలోకి చూసింది.

"వస్తాండాది కదయ్యా పాట."

"యాడ?"

"ఈడే. సన్నగా, బాగానే వస్తాండాది. నీకు వినపడలేదా?"

అతను స్పీకరు జాలీ మీద రెండు వేళ్లు ఆనించాడు. వేళ్ల కింద చీమలు పారినట్టు సన్నని అదురు తగిలింది. ఆ వేళ్లు అక్కడే ఉంచి చాలాసేపు కూర్చున్నాడు. మునీశ్వరి నమిలిన మాటలు, ముద్దుకృష్ణ తగాదా, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఈ డబ్బా నిన్నా పలికింది, మొన్నా పలికింది. చెడింది యంత్రం కాదు.

అప్పుడు గుర్తొచ్చి పెన్‌డ్రైవు తెరిచాడు. సుధ ఫోల్డరులో ఫొటోలున్నాయి, ప్రాజెక్టు పేపర్లున్నాయి. వీడియో లేదు.

సాయంత్రం స్వర్ణ వచ్చింది. హార్డ్‌డిస్కే పోయిందమ్మా అని ఒక్కమాట అంటే ఆమె నమ్మేది. ఆ మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మునీశ్వరి పక్కన నిలబడి ఉంది.

"అమ్మా, దీంట్లో సౌండు బాగానే ఉండాది. నా చెవులే పోయినాయి. అది తెలీక అంతా తుడిచేసినా. నీ చెల్లెల్ని నేనే పోగొట్టినా," అన్నాడు.

స్వర్ణ అంగడి మెట్టు మీద కూర్చుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, కాసేపటికి సంచి నోరు మూసి, తెరిచి, మళ్లీ మూసింది. చివరికి ల్యాప్‌టాప్ అక్కడే వదిలేసి రామసముద్రం బస్సెక్కింది.

తుడిచేసిన ఫైళ్లను తవ్వి తీసే ప్రోగ్రాములు ఉంటాయని కుమారస్వామికి తెలుసు. వేరే పని ముట్టకుండా మూడు వారాలు ఆ డిస్కునే తవ్వాడు. మధ్యలో ఒక రోజు కుప్పం పోయి, సుధ హాస్టలు గేటు దగ్గర నిలబడి, వీడియో తీసిన స్నేహితురాలిని వెతికి పట్టుకున్నాడు. ఆ అమ్మాయి ఏదో చెప్పింది. అతనికి అందలేదు. కాగితం ఇచ్చి రాయమన్నాడు. ఫోను ఆ ఎండాకాలమే రైల్లో పోయిందనీ, ఇంకెక్కడా కాపీ లేదనీ రాసింది. ఆ వీడియోలో సుధ ఏం మాట్లాడిందో గుర్తున్నంత రాసిమ్మని అడిగాడు. ఆ పిల్ల గోడకు కాగితం ఆనించుకుని, కళ్లు తుడుచుకుంటూ ఒక పేజీ రాసిచ్చింది.

డిస్కులోంచి ఎట్టకేలకు నలభై సెకన్ల తునక ఒకటి బయటపడింది. ఈసారి అతను తన చెవిని నమ్మలేదు. మునీశ్వరిని పిలిచి దగ్గరగా పెట్టి వినమన్నాడు. ఆమె చెవి ఆనించి, వాల్యూము పెంచి, మొదటినుంచి మళ్లీ వేయించుకుని వింది. తల అడ్డంగా ఊపింది. ఇందులో నిజంగానే మాట లేదు.

తిరుపతిలో చెవి డాక్టరు, నరం చచ్చిపోయింది, మిషను పెట్టుకుంటే మోత పెరుగుతుంది గానీ మాట తేటగా రాదని చెప్పాడు. కుమారస్వామి బాక్సులు, ఆంప్లిఫయరు అన్నీ అమ్మేశాడు. అంగట్లో మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు మాత్రం బాగుచేస్తానన్నాడు. శబ్దం పని ఎవరు తెచ్చినా మదనపల్లెకు పొమ్మన్నాడు.

కార్తీకంలో ఒక ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకుని రామసముద్రం పోయాడు. స్వర్ణ కుర్చీ వేసి, నీళ్లిచ్చింది. అతను ముందు కుప్పం కాగితం ఇచ్చాడు. ఆమె పైనుంచి కిందికి చదివి మడిచింది. అతనికి వినిపించాలని, ముఖానికి ఎదురుగా జరిగి నింపాదిగా మాట్లాడింది.

"ఈ మాటలన్నీ నాకు తెలుసన్నా. నిద్రలో లేపి అడిగినా చెప్తా. నాకు కావాల్సింది మాటలు గాదు, దాని గొంతు."

అతను మాట లేదమ్మా, బొమ్మే దొరికిందని చెప్పి, ఆ తునక పెట్టాడు. మిద్దె మీద సుధ ముంగురులు సర్దుకుని, కెమెరా వైపు చూసి, పెదాలు కదిపింది. స్వర్ణ తెరకు దగ్గరగా జరిగింది. చెల్లెలి పెదాలతోపాటు ఆమె పెదాలూ కదిలాయి. ఎక్కడా తడబడలేదు. ఒకచోట సుధ నవ్వితే ఆమె కూడా అంతసేపే నవ్వింది. నలభై సెకన్లు అయిపోయాక మళ్లీ మొదటికి తిప్పమని చెయ్యి చూపించింది.

కుమారస్వామి తిప్పాడు. ఆమె గొంతెత్తి అంటోందో, లోలోపల అనుకుంటోందో అతనికి తెలియలేదు. కొంచెం గట్టిగా చెప్పమ్మా అని అడిగే మొహం అతనికి లేదు.