రాజమండ్రి మంచుగదిలో అక్క మొక్కు

బావగారు జబ్బు నుంచి లేచి తిరిగితే కేదారనాథుడికి తన చేత్తో గోదావరి నీళ్లు పోస్తానని మా అక్క సుభద్ర మొక్కుకుంది. బావగారు చక్కగా తిరుగుతున్నారు. ఈలోగా అక్క గుండెకే చికిత్స జరిగింది. కొండలెక్కవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. రాజమండ్రిలో కేదారం మంచును తలపించే ప్రదర్శన పెట్టారని తెలిసి, తన మనసు కాస్త కుదుటపడుతుందని నేనే బయల్దేరదీశాను.

కొవ్వూరులో ఎనిమిదింటికి బస్సెక్కితే వంతెన దాటి అరగంటలో రాజమండ్రి చేరాం. అక్కడి నుంచి ఆటోకు ఎనభై, టిక్కెట్టు మనిషికి నూట యాభై. రోహిణి కార్తె ఎండ అప్పటికే చురుక్కుమంటోంది.

లోపల మొదట ఇరుకైన దారి. గోడలకు నల్లగుడ్డ, తల వంచితేగానీ నడవలేనంత కిందికి పైకప్పు. "ఇదేం కేదారమే, బొగ్గుల కొట్టులా ఉంది!" అంది అక్క. మలుపు తిరగ్గానే ఇద్దరం అలాగే నిలబడిపోయాం. నలిపిన తెల్లగుడ్డ కొండచరియల్లా పైదాకా లేచి ఉంది. దాని వెనక నుంచి నీలం వెలుగు. పైనుంచి గాజులాంటి మంచు ఊచలు వేలాడుతున్నాయి. కాళ్ల కింద కల్లుప్పు కరకరలాడింది. ఎదుటి అద్దాల గోడలో ఆ కొండలకు అంతే లేదు. ఆ గదుల్ని తీర్చిదిద్దిన సింధు అనే సామర్లకోట అమ్మాయి అక్కడే ఉంది. "చీకట్లోంచి వస్తేనే తెలుపు కళ్లకి కొడుతుందండి. అందుకే ముందు నల్లగుడ్డ" అంది.

అవతలి చలిగదిలో మనిషెత్తు మంచులింగం, అది మాత్రం నిజం మంచే. నేను నోరు తెరుచుకుని చూస్తూండగానే అక్క సంచిలోంచి రాగిచెంబు తీసి, "హరహర మహాదేవ" అంటూ గోదావరి నీళ్లు పోసేసింది. ఫట్‌మంది. లింగానికి పైనుంచి కింద దాకా బీట!

అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నా మొక్కు వద్దన్నాడే. మీ బావగారికి ఏమవుతుందో!" అంటూ గోడ పట్టుకుంది.

సింధు పరిగెత్తుకొచ్చింది. "భయపడకండి అమ్మగారూ, ఎండలో కాగిన నీళ్లు పడితే ఐసు పగులుతుందండి."

"మాయమాటలు చెప్పకమ్మా. లింగం పగలడమేంటి?"

ఐసు దిమ్మలు మార్చే సూరిబాబు తల గోక్కున్నాడు. "లింగమేంటండి, భీమవరం ఐసండి ఇది. రొయ్యల పెట్టెల్లో వేస్తారు చూడండి, అదే. రోజూ పొద్దున్నే చెక్కుతామండి."

రొయ్యలు! ఉల్లిపాయైనా ముట్టని మా అక్క, అప్పటికే లింగాన్ని తాకి ఆ తడి చేత్తో కళ్లకద్దుకుంది కూడా. ఇంకేం చూడాలోనని నేను కళ్లు మూసుకున్నాను. నవ్వు వినబడింది.

"రొయ్యలదా! అయితే పగిలింది ఆయన కాదన్నమాట. బతికించావు నాయనా!"

గుడ్డ, ఉప్పు, అద్దం అని తెలిసీ ఆ గదిలో నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. అందులో నాకు తప్పు కనబడలేదు. కానీ అక్క మొక్కు అక్కడ తీరలేదని ఇద్దరికీ తెలుసు. వెళ్లదలచిన వాళ్లకు ఒక్క మాట: చలిగదిలోంచి నేరుగా ఎండలోకి రాకండి, గుండె జబ్బున్న వాళ్లయితే అసలే వద్దు. వరండాలో బల్లలు వేశారు, పావుగంట కూర్చోండి. మేమూ కూర్చున్నాం. అక్కడే అక్క నా చేయి పట్టుకుని, "నా బదులు నువ్వు పోసి రాగలవా, కేదారంలో?" అని అడిగింది. అన్నవరం దాటి ఎరుగని నేను "వెళ్తానక్కా" అనేశాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చిందంటే ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను.