ఐదో మేజర్‌కు మా బావ ఓటు

పొద్దున కోరుట్ల బస్టాండ్ పక్క హోటల్లో మా రాజం బావతో చాయ్ తాగాను. దుబాయ్‌లో ఏళ్ల తరబడి గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసి, పని పోయి కిందటేడు సొంతూరు మల్లాపూర్ వచ్చేశాడు. ఇప్పటికీ పొలం గట్టు మీద గడ్డిని మైదానంలోలాగే ఒక్క ఎత్తున కోస్తాడు. బర్రెకు సగం మేతే దొరుకుతోందని అక్క తిడుతుంది.

మగవాళ్ల గోల్ఫ్‌లో నాలుగు పెద్ద పోటీలను మేజర్లంటారు. వాటిలో మూడు అమెరికాలోనే జరుగుతాయి. కొత్తగా ఐదోది ఒకటి బయటి దేశంలో పెట్టాలా అన్న చర్చను ఫోన్‌లో చూపించాను.

"గక్కడ ఎన్ని మ్యాచులు చూసినవో. నువ్వు చెప్పు బావా, పెట్టాల్నా?"

"నేనేడ చూసిన? ఆట ఉన్ననాడు తెల్లారకముందే గడ్డి కోయించి, బస్సెక్కించి రూముకు తోలేటోళ్లు." ఫోన్ చేతిలోకి తీసుకుని అడిగాడు. "గది దుబాయ్‌ల పెడ్తె మల్ల వీసాలు తీస్తరా?"

"చానమంది ఆస్ట్రేలియా అంటున్నరు బావా."

"గట్లనా," అని ఫోన్ నా చేతికిచ్చేశాడు.

బావకు యాభై దాటాయి. వీసాలు తీసినా ఆయన్ను ఎవరూ తీసుకోరు.

ఆస్ట్రేలియాలోనే పెట్టాలని, ఆట చరిత్ర అంతా చెప్పి, నిన్న ఆ చర్చ కింద పెద్ద కామెంటు రాసింది నేనే. ఇవాళ సాయంత్రం అది తీసేసి దుబాయ్ అని రాశాను. ఇంతవరకు ఒక్క లైకు రాలేదు. మీరూ వెళ్లి దుబాయ్ అని రాయండి. ఎవరూ వినరు, అయినా రాయండి.