కాపాడు అనని ప్రార్థన

తుఫాను కోస్తాను ఊడ్చేసిన ఆ ఏడు మా తమ్ముడు చర్చివాళ్లతో కలిసి సహాయానికి వెళ్లాడు. తొంభైల నాటి మాట. సర్కారు ఉద్యోగపు పరీక్షకు చదవరా అంటే పుస్తకాలు మూసి, లారీలో బియ్యం బస్తాల మీద కూర్చుని నాకు చెయ్యూపాడు. ఒళ్లు మండింది. అమ్మానాన్నలు పోయాక నాకు మిగిలింది వాడొక్కడే.

అక్కడ ఫోన్లు పనిచేయడం లేదు. ఆఫీసు అయ్యాక నారాయణగూడ ఎస్టీడీ బూత్‌లో రోజూ ప్రయత్నించి, విసిగి, చిక్కడపల్లిలో పెద్దమ్మ ఇంటికి నడిచేదాన్ని. పెద్దమ్మ మాకు చుట్టం కాదు, మా చర్చి సంఘంలో పెద్దావిడ. లారీ వెళ్లిన దగ్గరనుంచి సాయంత్రాలు ఆమె ముందుగదిలో ప్రార్థన జరిగేది. రెండో లారీకి పోగుచేసిన పాత బట్టల మూటలు గోడ పొడవునా ఉండేవి. ముడుల్లోంచి చొక్కాల చేతులు వేలాడేవి. మోకరించి కళ్లు మూసుకుంటే మాతోపాటు ఇంకెవరో కూర్చున్నట్టే ఉండేది. అందుకే నేను ఒక కన్ను తెరిచే ప్రార్థించేదాన్ని.

పెద్దమ్మ వెళ్లినవాళ్లను ఒక్కొక్కరినీ పేరు పెట్టి, కాపాడుము ప్రభువా అనేది. మామూలుగా మాట్లాడితే అచ్చం చిక్కడపల్లి, ప్రార్థిస్తే పాత బైబిలు. మా సంఘంలో పోయినవాళ్ల కోసం ప్రార్థించరు. ఊపిరి ఉన్నంతవరకే ఆ మనిషిని కాపాడమని అడుగుతారు. పోయాక ఇంటివాళ్లను ఆదరించమని అడుగుతారు. ఈ తేడా మాకు చిన్నప్పటినుంచీ తెలుసు.

ఒక సాయంత్రం ప్రార్థన మధ్యలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. పెద్దమ్మ పేర్లు చెప్పుకుంటూ వచ్చి, తమ్ముడి పేరు రావలసిన చోట ఆగింది. ఆ పేరు పలకలేదు. "ఆ యింటివారిని ఆదరించుము తండ్రీ" అని, తర్వాతి పేరుకు వెళ్లిపోయింది.

మోకరించినవాళ్లంతా కళ్లు తెరిచి నావైపు చూశారు. నేను లేచి నిలబడ్డాను.

"ఏంది పెద్దమ్మా, నా తమ్మునికి ఏమైందని గట్ల అంటున్నవ్?"

ఆమె నన్ను అయోమయంగా చూసింది. "నేనేమన్న బిడ్డా? అందర్నీ కాపాడుమనే అడిగిన గదా."

అది విన్నాక నాకు నిజంగా భయం పట్టుకుంది.

మళ్లీ ఆ ఇంటికి వెళ్లలేదు. అశోక్‌నగర్‌లో మా గది మెట్ల మీద ఎవరి చెప్పుల చప్పుడైనా కబురేమోనని తలుపు దగ్గరికి వెళ్లి నిలబడేదాన్ని. తమ్ముడి పుస్తకాలు సర్దబోయి, సర్దితే అది నిజమైపోతుందేమోనని అలాగే వదిలేశాను.

వాడు వచ్చాడు. ఆదివారం పొద్దున, చిక్కి సగమై, తనది కాని వదులు చొక్కాలో. తిట్టాను, ఏడ్చాను, అన్నం పెట్టాను. ఆ తర్వాత రెక్క పట్టుకుని పెద్దమ్మ ఇంటికి లాక్కెళ్లాను. బతికున్నవాణ్ని ఎదురుగా నిలబెట్టి, ఇప్పుడు వీడి పేరు పెట్టి ప్రార్థించు అని ఆమెను నిలదీయాలి.

పెద్దమ్మ వాడి తల నిమిరింది. భుజం దగ్గర చొక్కాను వేళ్లతో పట్టి చూసింది.

"నీ అంగీ ఏది బిడ్డా?"

తమ్ముడి మొహం పాలిపోయింది.

"ఒకాయనకు ఇచ్చిన పెద్దమ్మా. ఒంటి మీద ఏం లేకుండె. తెల్లారి కూలిన ఇండ్లల్ల సామాను తీస్తాంటే నానిన గోడ ఆయన మీద పడ్డది, పాణం పోయింది. మాపటికి నా అంగీతోనే మట్టిల పెట్టినం."

ఎప్పుడని అడిగాను. వాడు చెప్పింది, కరెంటు పోయిన ఆ సాయంత్రమే. నిలదీద్దామని వచ్చినదాన్ని మూటల పక్కన కూలబడ్డాను.

"ఆయనకు ఎవరున్నరు?" అంది పెద్దమ్మ.

"తెల్వది. ఏ ఊరో కూడా అడగలే," అన్నాడు తమ్ముడు. "అంగీ సరిపోయిందా అని అడిగిన, అంతే."