గిన్నె కాబోయిన చాప

మియాపూర్‌లో ఉండే అశ్విని పదేళ్లపాటు మనుషుల్ని ఉద్యోగాల్లోంచి మర్యాదగా సాగనంపింది. హైటెక్ సిటీలోని ఒక కంపెనీ హెచ్‌ఆర్‌లో ఆమె పనే అది. "మీ ముందు ఎన్నో కొత్త దారులున్నాయి" అని చిరునవ్వుతో చెప్పి, వాటిలో మొదటిదైన బయటి గుమ్మం చూపించేది. ఒకరోజు పై అధికారి కిరణ్ పాల్ ఆమెనూ పిలిచి అదే మాట అన్నాడు. ఆ వాక్యం రాసింది తానే కాబట్టి తప్పు పట్టడానికి కూడా వీల్లేకపోయింది.

కొత్త దారి వెతుక్కుంటూ వెళ్లి కుట్టుమిషన్ ముందు తేలింది. నూలు తాడును జంతికలా చుట్టి, చుట్టుకూ చుట్టుకూ కలిపి జిగ్‌జాగ్ కుట్టు వేస్తూ పోతే గిన్నె తయారవుతుందని ఫోన్లో ఓ వీడియో హామీ ఇచ్చింది. వీడియోలో అమ్మాయికి చిటికెలో అయిపోయింది. అశ్వినికి మధ్యాహ్నమంతా పట్టింది.

"గిన్నె అన్నవు, గిది సాప లెక్కుందేంది?" అంది అత్త నీలమ్మ.

"ఇది అడుగు అత్తమ్మా. అంచులింకా లేవాలి."

"ఎప్పుడు లేస్తయి? పొద్దుగూకినంకనా?"

అడుగును మిషన్ పక్కకు ఏటవాలుగా ఎత్తిపట్టి కుడితేనే అంచు లేస్తుందని తెలిసేసరికి, ఇంట్లో గిన్నెలకన్నా వాటి కింద వేసే చాపలు ఎక్కువయ్యాయి. తరువాత అంచులు లేచాయి, ఒక్కో గిన్నెకు ఒక్కో దిక్కుకు.

ఆ గిన్నెల ఫోటోలు తీసి అందరికీ పంపితే, అవి తిరిగి తిరిగి పాత ఆఫీసు చేరాయి. ఉద్యోగుల ఒత్తిడి తగ్గించే దినమట, వచ్చి నేర్పమన్నారు. ఒత్తిడి పెట్టేవాళ్లే దానికో పండగ చేయడం న్యాయమే కదా. అశ్విని మెడలో విజిటర్ కార్డు వేసుకుని, మిషన్ మోసుకుంటూ వెళ్లింది.

"మీలో ఇంత కళ ఉందని తెలిస్తే ఎప్పుడో పంపించేసేవాళ్లమండీ!" అని మెచ్చుకున్నాడు కిరణ్ పాల్. ఆ వెంటనే పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "ఇంకొంతమందిని పంపాలండి. మీ అంత మెత్తగా చెప్పేవాళ్లు దొరకట్లేదు. తిరిగి వచ్చేయకూడదూ?"

అశ్విని హాల్లో నవ్వుతూ తాడు చుట్టుకుంటున్నవాళ్లను చూసింది. పంపాల్సినవాళ్లు వీళ్లలోనే ఉన్నారు.

"ఆ మాట చెప్పడం ఇంక నా వల్ల కాదు సార్."

ఆయన నొచ్చుకోలేదు. అంత తీరిక లేదు, ఫోటోవాళ్లు పిలుస్తున్నారు. మిషన్ ముందు కూర్చుని, కారు యాక్సిలరేటర్ తొక్కినట్టు పెడల్ తొక్కాడు. ఆయన మెడలోని కార్డు పట్టీ తాడుతోపాటు సూది కిందికి వెళ్లి గిన్నెలో కలిసిపోయింది. గిన్నెకు తల వంచి కూర్చున్న అధికారిని చూసి హాలంతా విరగబడి నవ్వింది. ఆ రోజు తగ్గిన ఒత్తిడల్లా అదే.

"కత్తిరించనా సార్?"

"జాగ్రత్తండీ, కార్డు లేకపోతే నన్ను కూడా లోపలికి రానివ్వరు!"

ఇంటికొచ్చి అత్తకు అంతా చెప్పింది. ఉద్యోగం వద్దన్నందుకు తిడుతుందనే అనుకుంది.

నీలమ్మ కుప్పలోంచి ఒక చాప తీసి తిప్పి చూసింది. "మంచిగైంది," అంది. "ఇగ నాకొకటి కుట్టు, ఎల్లిగడ్డలు పోసుకుంట. జర వంకర లేకుండ."

అదీ వంకరగానే వచ్చింది. నీలమ్మ దాన్ని గోడకు ఆనించి, వెల్లుల్లి పోసుకుంది.